ఎగ్జెక్ తర్వాత తేడా కొడుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

నడుస్తున్న ప్రోగ్రాంను తీసేసి, అదే ప్రాసెస్‌లో ఇంకో ప్రోగ్రాంను కూర్చోబెట్టేది ఎగ్జెక్. కొత్త ప్రాసెస్ ఏదీ పుట్టదు. పీఐడీ (ప్రాసెస్ నంబర్), పేరెంట్ (దాన్ని పుట్టించిన ప్రాసెస్), కరెంట్ డైరెక్టరీ అన్నీ పాతవే. కోడ్, స్టాక్, హీప్, మిగతా థ్రెడ్‌లు మాత్రం ఊడ్చిపెట్టుకుపోతాయి. సీ లైబ్రరీలో ఎగ్జెక్‌ఎల్, ఎగ్జెక్‌వీపీ అంటూ ఎన్ని పేర్లున్నా లైనక్స్‌లో పని చేసేది ఎగ్జెక్‌వీఈ సిస్టమ్ కాలే, అంటే కెర్నల్‌ను (ఓఎస్ గుండెకాయను) నేరుగా అడిగే పిలుపు. కింది చిక్కుల్లో ఎక్కువ భాగం ఏది పోయింది, ఏది మిగిలింది అన్నదాని దగ్గరే తేలిపోతాయి.

ఊహలకు పోకుండా ముందు ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే టూల్) పెట్టండి. మైనస్ ఎఫ్ ఇచ్చి ఎగ్జెక్‌వీఈ కాల్స్‌ను మాత్రమే చూడండి. ఏ పాత్, ఏ ఆర్గ్యుమెంట్లు, ఏ ఎర్రర్ అన్నవి ఒక్క లైన్‌లో కనిపిస్తాయి.

ఎగ్జెక్ కింద రాసిన లైన్లు నడవడం లేదు

నడవకూడదు కూడా. ఎగ్జెక్ సక్సెస్ అయితే వెనక్కి రాదు. పాత ప్రోగ్రాం కూడా కొనసాగాలంటే ముందు ఫోర్క్ చేసి (చైల్డ్ అనే కాపీ ప్రాసెస్‌ను పుట్టించి), చైల్డ్‌లో ఎగ్జెక్ పిలిచి, పేరెంట్‌లో వెయిట్‌పిడ్ (చైల్డ్ ముగిసేదాకా ఆగే కాల్) పెట్టాలి. షెల్ స్క్రిప్ట్‌లో ఎగ్జెక్ లైన్ చివర && పెట్టి ఇంకో కమాండ్ రాసినా అంతే, దాని వంతు రాదు.

కింది లైన్లు నడుస్తున్నాయంటేనే కంగారు పడాలి, ఎగ్జెక్ ఫెయిలైందన్నమాట. ఫోర్క్ చేసిన చైల్డ్‌లో ఇలా జరిగి ఎగ్జిట్ రాయకపోతే, ఒకే ప్రోగ్రాం రెండు కాపీలుగా ముందుకు పోతుంది. మెయిల్ రెండుసార్లు వెళ్లడం, డేటాబేస్‌లో రో రెండుసార్లు పడడం దీని గుర్తులు. ఎగ్జెక్ వెంటనే ఎర్నో (ఎర్రర్ నంబర్) ప్రింట్ చేసి, అండర్‌స్కోర్ ఉన్న ఎగ్జిట్‌ను 127తో పిలవండి. మామూలు ఎగ్జిట్ వాడితే పేరెంట్ నుంచి కాపీ అయిన బఫర్ (ఇంకా బయటికి రాయకుండా మెమరీలో ఆగిన అవుట్‌పుట్) ఇక్కడ మళ్లీ ఫ్లష్ అవుతుంది.

ఫైల్ కళ్లముందే ఉంది, అయినా 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటోంది

ఎర్నో 2. కెర్నల్ లేదంటున్నది మీ ఫైల్‌ను కాకపోవచ్చు, దాన్ని నడిపించాల్సిన ఇంటర్‌ప్రెటర్‌ను కావచ్చు. మూడు సందర్భాలు తరచూ తగులుతాయి.

మొదటిది విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్. #! లైన్ (ఇంటర్‌ప్రెటర్ ఏదో చెప్పే మొదటి లైన్) చివర క్యారేజ్ రిటర్న్ (విండోస్ లైన్ చివర పెట్టే అదనపు గుర్తు) మిగిలిపోతే, కెర్నల్ దాన్ని కూడా పేరులో భాగంగానే చదువుతుంది. అలాంటి పేరుతో బాష్ ఎక్కడా ఉండదు. ఫైల్ కమాండ్ ఇస్తే 'సీఆర్ఎల్ఎఫ్ లైన్ టెర్మినేటర్స్' అని చెప్పేస్తుంది. డాస్‌టుయూనిక్స్ కొడితే ఇప్పటికి పోతుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్ట్‌లకు లైన్ ఎండింగ్ ఎల్ఎఫ్ అని పెట్టకపోతే తర్వాతి చెకవుట్‌లో మళ్లీ వస్తుంది.

రెండోది ఆల్పైన్ అనే చిన్న లైనక్స్‌తో కట్టిన డాకర్ ఇమేజ్. అందులో బాష్ ముందుగా ఉండదు, #! లైన్‌లో బాష్ అని ఉంటే ఇదే మెసేజ్. మూడోది కూడా ఆల్పైన్‌లోనే కనిపిస్తుంది: ఉబుంటులో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీతో బిల్డ్ చేసిన బైనరీని మజల్ అనే ఇంకో సీ లైబ్రరీ మీద నడుస్తున్న ఆల్పైన్‌లో పెట్టడం. రీడ్‌ఈఎల్ఎఫ్‌కు మైనస్ ఎల్ ఇచ్చి ఏ లోడర్‌ను (బైనరీని మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాంను) అడుగుతోందో చూడండి. ఆ పాత్ ఇమేజ్‌లో లేకపోతే స్టాటిక్ బిల్డ్ చేయండి, లేదా డెబియన్ ఆధారిత ఇమేజ్‌కు మారండి.

టెర్మినల్‌లో బాగానే నడుస్తుంది, సర్వీసుగా పెడితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్'

ఎర్నో 8. సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ అయితే స్టేటస్‌లో 203 చూపిస్తుంది. స్క్రిప్ట్‌లో #! లైన్ లేదు, లేదా దాని పైన ఖాళీ లైనో యూటీఎఫ్-8 బామో (ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్ గుర్తుగా పెట్టే బైట్లు) ఉంది. కెర్నల్‌కు ఫైల్ మొట్టమొదటి రెండు బైట్లు #! గానే ఉండాలి. టెర్మినల్‌లో మాత్రం కెర్నల్ కాదన్నాక షెల్ తానే ఆ ఫైల్‌ను స్క్రిప్ట్‌గా చదివి నడిపేస్తుంది, అందుకే తప్పు బయటపడదు. ఎగ్జెక్‌వీపీ కూడా ఇలాగే షెల్‌కు అప్పగిస్తుంది, ఎగ్జెక్‌వీఈ అప్పగించదు.

#! లైన్ సరిగ్గానే ఉంటే ఆర్కిటెక్చర్ చూడండి. ఎం సిరీస్ మ్యాక్‌లో బిల్డ్ చేసిన ఆర్మ్64 ఇమేజ్‌ను ఇంటెల్ సర్వర్‌లో ఎక్కిస్తే ఇదే ఎర్రర్. డాకర్ బిల్డ్‌కు ప్లాట్‌ఫామ్ ఆప్షన్‌తో లైనక్స్/ఏఎండీ64 ఇవ్వండి.

ఆప్షన్ ఇచ్చినా పట్టించుకోవడం లేదు, లేదా ఒక్కోసారి ఎర్నో 14

ఆర్గ్యుమెంట్ లిస్ట్‌లో సున్నా స్థానం ప్రోగ్రాం పేరుది. అది మర్చిపోయి ఎల్ఎస్‌కు నేరుగా మైనస్ ఎల్ ఇస్తే, మైనస్ ఎల్ పేరు స్థానంలోకి పోతుంది, లిస్ట్ మామూలుగానే వస్తుంది. పైథాన్ ఓఎస్ మాడ్యూల్‌లోని ఎగ్జెక్ ఫంక్షన్లదీ ఇదే పద్ధతి. ఇక 14 వచ్చిందంటే లిస్ట్ చివర నల్ (లిస్ట్ అయిపోయిందని చెప్పే ఖాళీ పాయింటర్) పెట్టలేదేమో చూడండి. ఎగ్జెక్‌ఎల్‌లో దాన్ని క్యారెక్టర్ పాయింటర్‌గా కాస్ట్ చేసి మరీ ఇవ్వాలి.

స్క్రీన్ మీద కనిపించే లైన్లు లాగ్ ఫైల్‌లో మాయం

టెర్మినల్‌కు రాసేటప్పుడు అవుట్‌పుట్ లైన్ లైన్‌కూ వెళ్లిపోతుంది. ఫైల్‌కో పైప్‌కో మళ్లిస్తే బఫర్ నిండేదాకా మెమరీలోనే ఆగుతుంది. ఎగ్జెక్ ఆ మెమరీని తుడిచేస్తుంది, ఫ్లష్ చేయదు. ఎట్‌ఎగ్జిట్ హ్యాండ్లర్లూ (ప్రోగ్రాం ముగిసేటప్పుడు నడవాల్సిన ఫంక్షన్లు) నడవవు. బాష్ స్క్రిప్ట్‌లో ఎగ్జిట్ ట్రాప్ పెట్టుకుంటే దాని గతీ అంతే, టెంప్ ఫైళ్లు అలాగే మిగిలిపోతాయి. ఎగ్జెక్‌కు ముందు లైన్‌లో సీలో ఎఫ్‌ఫ్లష్, పైథాన్‌లో స్టాండర్డ్ అవుట్‌పుట్ ఫ్లష్ పిలవండి. క్లీనప్ పనులన్నీ అక్కడే ముగించండి.

డాకర్ స్టాప్ కొడితే కంటైనర్ పది సెకన్లు ఆగి, 137తో చస్తోంది

137 అంటే 128 ప్లస్ 9, అంటే సిగ్‌కిల్ (తప్పించుకోలేని చావు సిగ్నల్, నంబర్ 9) తగిలింది. డాకర్ ముందు సిగ్‌టర్మ్ (మర్యాదగా ముగించమనే సిగ్నల్) పంపి, డిఫాల్ట్‌గా 10 సెకన్లు చూసి, తర్వాత కిల్ చేస్తుంది. కుబర్నెటీస్‌లో ఈ గడువు 30 సెకన్లు. మీ యాప్‌కు సిగ్‌టర్మ్ ఎందుకు అందలేదో తెలియాలంటే కంటైనర్ లోపల పీఐడీ 1 ఎవరో చూడండి. అక్కడ షెల్ కూర్చుని ఉంటే సిగ్నల్ దానికే వెళ్తుంది. అది యాప్‌కు పంపదు.

ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్ చివరి లైన్‌లో ఎగ్జెక్ రాసి పక్కన "$@" (స్క్రిప్ట్‌కు వచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ) పెట్టండి. కోట్స్ వదిలేస్తే స్పేస్ ఉన్న ఆర్గ్యుమెంట్లు ముక్కలవుతాయి. డాకర్‌ఫైల్‌లో కమాండ్‌ను స్ట్రింగ్‌గా కాక చదరపు బ్రాకెట్ల లిస్ట్‌గా రాయండి. స్ట్రింగ్‌గా రాస్తే మధ్యలో షెల్ వస్తుంది. కొన్ని షెల్‌లు ఒంటరి కమాండ్‌ను తామే ఎగ్జెక్ చేసేస్తాయి కాబట్టి ఒక ఇమేజ్‌లో బాగుండి, ఇంకో ఇమేజ్‌లో చెడుతుంది. దాన్ని నమ్ముకోవద్దు.

ఎగ్జెక్ రాసినా షెల్ పోలేదా? ఆ లైన్‌లో టీ కమాండ్‌కు పైప్ ఉందేమో చూడండి. పైప్ ఉంటే ఎగ్జెక్ ఒక సబ్‌షెల్‌ను మాత్రమే మారుస్తుంది, అసలు షెల్ పీఐడీ 1గా అలాగే ఉంటుంది. కంటైనర్‌లో లాగ్ నేరుగా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు పోతే చాలు, పైప్ తీసేయండి.

అంతా సరిచేశాక కూడా పది సెకన్లు పడుతోందంటే కారణం వేరు. పీఐడీ 1 హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) పెట్టుకోని సిగ్నల్‌కు కెర్నల్ డిఫాల్ట్ చర్య అమలు చేయదు. నోడ్, పైథాన్ యాప్‌లు సిగ్‌టర్మ్‌కు హ్యాండ్లర్ రాసుకోకపోతే దాన్ని వినిపించుకోవు. పైథాన్‌లో కంట్రోల్-సీ పనిచేసి డాకర్ స్టాప్ పనిచేయకపోవడానికి కారణం ఇదే, సిగ్‌ఇంట్‌కు మాత్రం పైథాన్ ముందే హ్యాండ్లర్ పెట్టుకుంటుంది. కోడ్‌లో హ్యాండ్లర్ రాయండి. కోడ్ మీ చేతిలో లేకపోతే డాకర్ రన్‌కు ఇనిట్ ఆప్షన్ ఇవ్వండి.

సిగ్‌హప్‌తో మొదటిసారి రీలోడ్ అవుతుంది, రెండోసారి కదలదు

హ్యాండ్లర్ లోపలి నుంచే తనను తాను ఎగ్జెక్ చేసుకునే ప్రోగ్రాంల జబ్బు ఇది. హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపు ఆ సిగ్నల్ బ్లాక్ అయి ఉంటుంది. సిగ్నల్ మాస్క్ (ఏ సిగ్నల్స్ బ్లాక్ అన్న జాబితా) ఎగ్జెక్‌ను దాటి వస్తుంది, కాబట్టి కొత్త ప్రోగ్రాం పుట్టుకతోనే చెవిటిది. ప్రాక్ (ప్రాసెస్‌ల సమాచారం చూపే డైరెక్టరీ) కింద ఆ పీఐడీ స్టేటస్ ఫైల్‌లో సిగ్‌బ్లాక్ లైన్ చివర 1 కనిపిస్తే రోగం ఖాయం. హ్యాండ్లర్‌లో ఒక ఫ్లాగ్ మాత్రం పెట్టి, ఎగ్జెక్‌ను మెయిన్ లూప్ నుంచి పిలవండి.

దీనికి దగ్గరి చుట్టం సిగ్‌పైప్, పైప్ అవతల చదివేవాళ్లు లేనప్పుడు వచ్చే సిగ్నల్. హ్యాండ్లర్లు ఎగ్జెక్‌తో డిఫాల్ట్‌కు వెళ్తాయి గానీ ఇగ్నోర్ చేసిన సిగ్నల్ ఇగ్నోర్‌గానే ఉంటుంది. పైథాన్ మొదలవగానే సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేస్తుంది. అక్కడి నుంచి ఎగ్జెక్ చేసిన ప్రోగ్రాం హెడ్‌కు పైప్ అయితే, గుట్టుగా చావాల్సింది 'బ్రోకెన్ పైప్' అని అరుస్తుంది. అదే స్టేటస్ ఫైల్ సిగ్‌ఇగ్నోర్ లైన్‌లో చివరి నాలుగు అంకెలు 1000 ఉంటాయి. ఎగ్జెక్‌కు ముందు సిగ్‌పైప్‌ను డిఫాల్ట్‌కు మార్చండి. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ఈ పని తానే చేస్తుంది, ఓఎస్ ఎగ్జెక్ చేయదు.

పాత ప్రోగ్రాం పోయింది, పోర్ట్ మాత్రం 'ఆల్రెడీ ఇన్ యూజ్'

తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్లన్నీ (తెరిచిన ఫైళ్లు, సాకెట్ల నంబర్లు) కొత్త ప్రోగ్రాంకు వెళ్తాయి, లిజనింగ్ సాకెట్‌తో సహా. ప్రాక్‌లో ఆ పీఐడీ ఎఫ్‌డీ డైరెక్టరీ చూస్తే తెలుస్తుంది. ఓపెన్, సాకెట్ పిలిచేటప్పుడే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ ఫ్లాగ్ ఇవ్వండి. తర్వాత ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో పెడదాంలే అంటే ఆ సందులోనే ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేయొచ్చు. పైథాన్ 3.4 నుంచి కథ తలకిందులు: డిస్క్రిప్టర్లు డిఫాల్ట్‌గా అందవు, కావాలంటే సెట్-ఇన్‌హెరిటబుల్ పిలవాలి.

చిన్నాచితకా ఎర్రర్లు

'టెక్స్ట్ ఫైల్ బిజీ': ఆ బైనరీని ఎవరో ఇంకా రాస్తున్నారు. కొత్త పేరుతో రాసి, మూసి, రీనేమ్ చేయండి.

'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్': ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ కలిపి స్టాక్ లిమిట్‌లో నాలుగో వంతు దాటకూడదు. 8 ఎంబీ స్టాక్‌కు అది 2 ఎంబీ. విడిగా ఒక్క స్ట్రింగ్ 128 కేబీకి చేరినా కుదరదు. జేసన్ మొత్తాన్ని ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వకుండా స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా పంపండి.

'పర్మిషన్ డినైడ్', కానీ సీహెచ్‌మాడ్ సరిగ్గానే ఉంది: ఆ డిస్క్ నోఎగ్జెక్‌తో (ప్రోగ్రాంలు నడపనివ్వని ఆప్షన్‌తో) మౌంట్ అయిందేమో ఫైండ్‌మౌంట్‌తో చూడండి. టెంప్ డైరెక్టరీకి ఇలా పెట్టే సర్వర్లు చాలా ఉన్నాయి.

విండోస్‌లో పిలిస్తే ప్రాంప్ట్ వెంటనే తిరిగొస్తోంది

విండోస్‌లో నిజమైన ఎగ్జెక్ లేదు. సీ రన్‌టైమ్ ఆ పేరుతో కొత్త ప్రాసెస్ మొదలుపెట్టి పాతదాన్ని ముగిస్తుంది. పీఐడీ మారుతుంది, పిలిచినవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత షెల్, కొత్త ప్రోగ్రాం రెండూ ఒకే కీబోర్డ్ కోసం కొట్టుకుంటాయి. స్పేస్ ఉన్న ఆర్గ్యుమెంట్లు కూడా విరిగిపోతాయి. పైథాన్‌లో అయితే విండోస్‌కు వేరే దారి రాయండి: సబ్‌ప్రాసెస్ రన్ పిలిచి, అది ముగిశాక దాని రిటర్న్ కోడ్‌తోనే మీరూ ఎగ్జిట్ అవ్వండి.