ఇటాలియన్ల వలసను మన తరగతిలో బోధించే విధానం

వీధికొకరైనా గల్ఫ్‌కు వెళ్లిన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల బడుల్లో ఈ పాఠాన్ని, 1880–1920 మధ్య సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లను, ముఖ్యంగా దక్షిణాది రైతుకూలీలను, అమెరికా బాట పట్టించిన పేదరికంతో మొదలుపెట్టాలి. వారిలో చాలామంది నాలుగు డబ్బులు కూడబెట్టుకొని స్వదేశానికి తిరిగి వెళ్లారని తప్పక చెప్పండి. మన పిల్లలకు అది వెంటనే అర్థమవుతుంది. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో అల్లరిమూక ఇటలీ మూలాలున్న 11 మందిని చంపడాన్ని, 1924 నాటి అమెరికా వలస చట్టం దేశాలవారీ కోటాలతో వలసను కుదించడాన్ని ఆ తరువాత వివరించాలి. పిజ్జా ప్రస్తావన క్లుప్తంగా చాలు. సామాన్య వలసదారులకు అప్పులిచ్చేందుకు జియానీని అనే బ్యాంకర్ 1904లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన బ్యాంక్ ఆఫ్ ఇటలీ, కాలక్రమంలో బ్యాంక్ ఆఫ్ అమెరికాగా మారిన తీరుకే (నా దృష్టిలో పాఠానికి ప్రాణం ఇదే) ఎక్కువ సమయం కేటాయించండి. గల్ఫ్ అనుభవాలను ఇంట్లో అడిగి రాసుకురమ్మనవచ్చు గానీ, అప్పుల సంగతి చెప్పమని ఒత్తిడి చేయకూడదు.