కారు మీద గీత పడింది: పాలిష్‌తో పోతుందా, పోదా?

కాలవ గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టర్ వచ్చిందంటే మనం పక్కకి దిగాల్సిందే, దిగితే తుమ్మ కొమ్మ తలుపు పొడవునా గీసుకుంటూ పోతుంది. కోనసీమలో కారున్న ప్రతి ఇంట్లోనూ ఉన్న బాధే ఇది. గీత కనబడగానే చాలామంది రబ్బింగ్ కాంపౌండ్, అంటే గరుకు రకం పాలిష్, కొనుక్కొచ్చి రుద్దేస్తారు. దయచేసి ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. పాలిష్ గీతని పూడ్చదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీస్తుంది. అరిగింది మళ్లీ రాదు.

రేకు మీద తుప్పు ఆపే పొర, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శక పొర. ఈ క్లియర్ కోట్ మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే చాలా కార్లకి తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఎండకి రంగు వెలిసిపోకుండా కాపాడేది అదే. పాలిష్ చేయాల్సింది ఆ పొరలోనే, అదీ పైపైనే.

ముందు షాంపూతో కడగండి. ఇసుక రవ్వ ఉండగా గుడ్డ పెడితే కొత్త గీతలు మీరే గీసినట్టు. తర్వాత నీడలో గీత మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి.

తడి ఉన్నంతసేపూ మాయమై, ఆరగానే మళ్లీ తేలుతోందా? చాలావరకు క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. ఇప్పుడు గోరుని గీతకి అడ్డంగా, నొక్కకుండా, మెల్లగా లాగండి. జారిపోతే పాలిష్‌తో పోతుంది. మైక్రోఫైబర్ గుడ్డతో సన్న రకం పాలిష్ ముందు పెట్టండి, సరిపోకపోతేనే కాంపౌండ్. గోరు టక్కున తట్టుకుంటే మాత్రం మొత్తం పోగొట్టాలని చూడొద్దు, అంచులు నునుపై కంటికి తక్కువగా కనబడితే అక్కడితో ఆపేయండి.

గీత లోపలికి దిగినట్టు కాక పైకి ఉబ్బుగా, వేరే రంగులో ఉందా? అది గేటుదో, పక్క బండిదో అంటుకున్న పెయింటు. చాలాసార్లు కింద మన రంగు భద్రంగానే ఉంటుంది, కొద్దిగా పాలిష్ పెట్టి రుద్దితే వచ్చేస్తుంది. థిన్నర్ జోలికి వెళ్లకండి, షెడ్డులో మళ్లీ వేయించిన పెయింటు అయితే అదీ కరిగి వస్తుంది.

నీళ్లు వేసినా తెల్లగానో బూడిద రంగుగానో కనిపిస్తే ప్రైమర్ తేలిందన్నమాట. రేకు తళతళలాడుతుంటే ఇంకా లోతు. ఇక పాలిష్ దండగ, టచప్ పెయింటే దారి. కారు మీద స్టిక్కర్‌లో కలర్ కోడ్ ఉంటుంది, అది చూసి కొనండి. పలచగా వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేయాలి, ఒకేసారి దట్టంగా వేస్తే గడ్డ కట్టినట్టు ఉంటుంది. బంపర్ మీద నల్లగా కనబడితే అది ప్లాస్టిక్, తుప్పు భయం లేదు, తొందరా లేదు.

పాలిష్ చేస్తుంటే గుడ్డకి కారు రంగు అంటుకుంటోందా? వెంటనే ఆపండి. క్లియర్ కోట్ లేని పాత రకం పెయింటైనా అయ్యుండాలి, క్లియర్ కోట్ అరిగిపోయైనా ఉండాలి. మా కారు వెనక తలుపు మడత దగ్గర ఇలాగే జరిగింది. షెడ్డులో కుర్రాడు మెషిన్‌ని ఆ అంచు మీదే నిలిపాడు, తీసి చూస్తే వేలెడు పొడవున ప్రైమర్ తెల్లగా బయటపడింది. చిన్న గీత కోసం వెళ్లి తలుపంతా పెయింటు వేయించాల్సొచ్చింది. మడతల మీద, అంచుల మీద పెయింటు పలచగా ఉంటుంది, అక్కడ మెషిన్ పెట్టనివ్వకండి, ముందే టేపు అంటించమనండి. మధ్యమధ్యలో చేత్తో ముట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపించాలి.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి తేలిన రేకు తొందరగా తుప్పు పడుతుంది, గీత చిన్నదే కదా అని పండగ దాకా ఆపకండి. ఎర్రబారిందంటే దాని మీదే పెయింటు వేయొద్దు, లోపల తుప్పు తింటూనే ఉంటుంది. సన్నటి వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) తుప్పు పోయేదాకా గీకి, తడి లేకుండా ఆరబెట్టి, ముందు ప్రైమర్, తర్వాతే రంగు.