డెనాలిలో వేసవి ఉద్యోగం: జీతం కన్నా ముందు గది సంగతి అడగండి

అలాస్కాలోని డెనాలి నేషనల్ పార్క్ దగ్గర ఒక వేసవంతా హోటల్లో పనిచేసి వచ్చానని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎలుగుబంట్లు కనిపించాయా?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "ఎంతిచ్చారు?" పక్క మంచం ఎవరిది, సెలవు ఏ రోజు అని మాత్రం ఎవరూ అడగరు. వెళ్ళాలనుకునేవాళ్ళు మొట్టమొదట తేల్చుకోవాల్సింది ఆ రెండే. దుప్పట్లు మార్చడం ఎక్కడైనా దుప్పట్లు మార్చడమే, పార్క్ పక్కన చేసినంత మాత్రాన అందులో కొత్తదనం ఏమీ రాదు. పని అయ్యాక మిగిలే గంటలు ఎలా గడుస్తాయన్న దాని మీదే వేసవి మొత్తం ఆధారపడుతుంది.

నేను వెళ్ళింది యాభై దాటాక. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, అకౌంట్స్ ఉద్యోగం మానేశాను, ఆయన "నువ్వు వెళ్ళు, నేను ఇల్లు చూసుకుంటా" అన్నారు. ఈ వయసులో అక్కడేం చేస్తామని సందేహం అక్కర్లేదు. రిటైరైన టీచర్లు, నర్సులు, ఆర్‌వీ (ఇల్లు లాంటి బండి) వేసుకుని జంటగా వచ్చే పెద్దవాళ్ళు అక్కడ బోలెడంతమంది. పైగా మేనేజర్లకి మనమంటేనే ఇష్టం. ఉదయం ఆరింటి షిఫ్టుకి ఆరింటికే వస్తాం మరి.

ముందుగా కాగితాల సంగతి. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళు హోటళ్ళలో, బస్సు కంపెనీల్లో మామూలుగా దరఖాస్తు చేసుకోవచ్చు. రేంజర్ (పార్క్‌ని చూసుకునే సిబ్బంది) ఉద్యోగం కావాలంటే మాత్రం అది ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగం. యూఎస్ఏజాబ్స్ సైట్లో ప్రకటిస్తారు, పౌరసత్వం ఉండాలి. ఎఫ్-1 మీద మాస్టర్స్ చేస్తున్న పిల్లలు కొందరు నన్ను అడిగారు. చదువుకి సంబంధం లేని హోటల్ పనికి ఆ వీసాలో వీలు లేదు. "ఎవరు చూస్తారులే ఆంటీ" అని వెళ్తే స్టేటస్ పోతుంది, అంత దూరం వెళ్ళి ఆ టెన్షన్ పడొద్దు. నాతో పనిచేసిన తూర్పు యూరప్ పిల్లలు జే-1 సమ్మర్ వర్క్ ట్రావెల్ అనే వీసా మీద వచ్చారు. అది సొంత దేశంలో చదువుకుంటూ, స్పాన్సర్ సంస్థ ద్వారా పెట్టుకునేది. అమెరికాలో ఉన్నాక పెట్టుకోవడానికి కుదరదు.

సీజన్ మే నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా. మంచి గదులున్న ఉద్యోగాలు కావాలంటే చలికాలంలోనే, జనవరి ఫిబ్రవరుల్లోనే దరఖాస్తు పెట్టాలి. మే నెలాఖరులో కూడా మనుషుల్ని తీసుకుంటారు గానీ అప్పటికి మిగిలేవి ఎవరూ వద్దన్న పడకలే.

ఎక్కడ ఉంటారో తెలుసుకుని వెళ్ళండి

డెనాలి 1917లో మౌంట్ మెకిన్లీ నేషనల్ పార్క్‌గా మొదలై 1980లో ఇప్పటి పేరుకి మారింది. విస్తీర్ణం 60 లక్షల ఎకరాలు. అంత నేల మీద ఉన్నది ఒకే ఒక్క రోడ్డు, 92 మైళ్ళు. అందులో మొదటి 15 మైళ్ళే తారు రోడ్డు, సొంత కారు అక్కడి వరకే. ఆ తర్వాత పార్క్ బస్సులో వెళ్ళాలి. ప్రెటీ రాక్స్ అనే చోట కొండచరియ జారిపోతుండటంతో 2021 ఆగస్టులో రోడ్డుని 43వ మైలు దగ్గర మూసేసి, ఆ జారే చోట వంతెన పని మొదలుపెట్టారు. రోడ్డు చివర కాంటిష్నాలో ఉన్న లాడ్జిల్లో ఉద్యోగం వస్తే ఆ సీజన్లో రాకపోకలు రోడ్డు మీదా, చిన్న విమానంలోనా అని ముందే అడగండి. విమానమైతే సెలవు రోజున కూడా మీరు అక్కడే.

"పార్క్‌లో ఉద్యోగం" అంటారు గానీ ఎక్కువ హోటళ్ళు పార్క్ హద్దుకి బయట, జార్జ్ పార్క్స్ హైవే మీద, నెనానా నది పక్కన వరసగా ఉంటాయి. కొన్ని పెద్ద హోటళ్ళు క్రూజ్ కంపెనీలవి. దగ్గర్లోని ఊరు హీలీ, సుమారు 11 మైళ్ళు. నగరాలంటే ఫెయిర్‌బ్యాంక్స్ 120 మైళ్ళు, యాంకరేజ్ 240. ఇంకో సంగతి కూడా ముందే చెప్తాను: పొద్దున్నే కిటికీ తీస్తే 20,310 అడుగుల డెనాలి శిఖరం కనిపిస్తుందని ఆశపడకండి. హోటళ్ళున్న చోటి నుంచి అది కనపడదు. పార్క్ రోడ్డు మీద తొమ్మిదో మైలు దగ్గర మొదటిసారి తొంగి చూస్తుంది, అదీ మబ్బు లేకపోతే. వచ్చిన టూరిస్టుల్లో మూడో వంతు మందికే ఆ దర్శనభాగ్యం. నాలుగు నెలలుండే మనకి ఆ బెంగ లేదు.

ఏ పని ఎంచుకోవాలి

నా ఓటు హౌస్‌కీపింగ్‌కి, నడుము బాగుంటేనే. పని కష్టం, మొదటి వారం రాత్రిళ్ళు మోకాళ్ళు మూలుగుతాయి. కానీ మధ్యాహ్నం మూడు నాలుగింటికల్లా మీ దారిన మీరు వెళ్ళిపోవచ్చు. జూన్‌లో అర్ధరాత్రి దాకా వెలుగుంటుంది కాబట్టి అప్పటికి మీ చేతిలో ఇంకో పూర్తి పగలు ఉన్నట్టే. సీజన్ మధ్యలో నన్ను ఫ్రంట్ డెస్క్‌కి మార్చారు. యూనిఫాం బాగుంటుంది, కూర్చోవడానికి కుర్చీ ఉండదు. యాంకరేజ్ నుంచి వచ్చే రైలు సాయంత్రం నాలుగు ప్రాంతంలో దిగుతుంది. ఆ రైలు జనమంతా ఒక్కసారే లాబీలోకి వస్తే రెండు గంటలపాటు తల ఎత్తే పని లేదు. సాయంత్రాలన్నీ అలాగే పోతాయి. డబ్బే ముఖ్యమైతే రెస్టారెంట్‌లో సర్వర్ పని. అలాస్కాలో టిప్పులు వస్తున్నాయని కనీస వేతనం తగ్గించి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు, జీతం జీతమే, టిప్పులు టిప్పులే. బస్సు డ్రైవర్లకి జీతం బాగుంటుంది, కమర్షియల్ లైసెన్స్ లేనివాళ్ళకి శిక్షణ ఇచ్చే కంపెనీలున్నాయి, కానీ తెల్లవారుజామున లేవాలి.

అలాస్కా కనీస వేతనం 2025 జులై నుంచి గంటకి 13 డాలర్లు, 2026 జులై నుంచి 14, 2027 జులై నుంచి 15. ఒక రోజులో ఎనిమిది గంటలు దాటితే ఆ పైన ఓవర్‌టైమ్ ఒకటిన్నర రెట్లు. చాలా రాష్ట్రాల్లో వారానికి నలభై గంటలు దాటితేనే ఇస్తారు, ఇక్కడ రోజు లెక్క కూడా ఉంది. పే స్లిప్ వచ్చినప్పుడు ఈ ఒక్క గడి మాత్రం తప్పకుండా చూసుకోండి. నా అకౌంట్స్ బుద్ధి అనుకోండి.

ఇంటర్వ్యూ ఫోన్లోనో వీడియోలోనో అయిపోతుంది. వాళ్ళు అడిగేవి చాలా తక్కువ, మనమే అడగాలి. గదికి ఎంతమంది? బంకు మంచాలా, మామూలువా? బాత్‌రూమ్ గదిలోనా, వరండా చివరనా? గదికీ భోజనానికీ జీతంలోంచి రోజుకి ఎంత కోస్తారు, పని లేని రోజున కూడా కోస్తారా? వారానికి ఎన్ని గంటల పని ఖాయం? సెలవులు రెండూ కలిపి వస్తాయా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సెలవులు మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటిగా విడిపోతే ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్ళి రావడం కూడా కష్టం. సీజన్ చివరి వరకూ ఉంటే బోనస్ ఇస్తామంటారు. ఏ తేదీ వరకు ఉండాలో కాగితం మీద రాయించుకోండి.

రూమ్‌మేట్ విషయంలో ఒక్కటే సలహా: మీ షిఫ్టులో పనిచేసేవాళ్ళనే ఇవ్వమని ముందే ఈమెయిల్ పెట్టండి. వయసు, దేశం, భాష ఏదైనా సర్దుకోవచ్చు. నా రూమ్‌మేట్ రొమేనియా అమ్మాయి, మా చిన్నదాని ఈడు. రెండో వారానికే నా కొబ్బరి నూనె సీసా సగం ఖాళీ చేసింది, మాకు ఏ గొడవా రాలేదు. కానీ మీరు ఐదింటికి లేవాల్సి ఉండగా మీ రూమ్‌మేట్ బార్ నుంచి రాత్రి రెండింటికి వస్తే ఎంత మంచివాళ్ళయినా జులై కల్లా మాటలు ఆగిపోతాయి.

తిండి

స్టాఫ్ క్యాంటీన్‌లో మూడు పూటలా పెడతారు. మాంసం తినేవాళ్ళకి లోటు లేదు. శాకాహారులకి సలాడ్, బంగాళాదుంప, పాస్తా, బీన్స్, మళ్ళీ పాస్తా. మేనేజర్‌తో మొదటి వారంలోనే మాట్లాడితే రోజూ ఒక పప్పు లాంటిదేదో పెడతారు, నెలాఖరున ఫిర్యాదు చేస్తే పెట్టరు. గదిలో రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ సాధారణంగా ఒప్పుకోరు. పొగ అలారం మోగితే అర్ధరాత్రి బిల్డింగంతా బయట చలిలో నిలబడాలి, మీ పేరు సీజనంతా గుర్తుంటుంది. కామన్ కిచెన్ ఉందా, మైక్రోవేవ్ మాత్రమేనా అన్నది కనుక్కుని, దాన్ని బట్టి సర్దుకోండి. కంది పొడి, ఆవకాయ, ఓ చిన్న డబ్బా నెయ్యి ఉంటే క్యాంటీన్ అన్నం కూడా దిగుతుంది. ఆవకాయ చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, రెండు కవర్లు చుట్టి. చల్లగా ఉంటుంది కదా అని తినే వస్తువేదీ కిటికీ బయట పెట్టొద్దు, కారులో వదలొద్దు. వాసనకి ఎలుగుబంటి వస్తుంది. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది.

హీలీలో, హోటళ్ళ దగ్గర దొరికే సరుకులు తక్కువ, ధర ఎక్కువ. రెండు మూడు వారాలకోసారి కారున్న వాళ్ళతో కలిసి ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్ళి కాస్ట్‌కోలోనో ఫ్రెడ్ మేయర్‌లోనో కొనుక్కోండి. పెట్రోలు ఖర్చులో మీ వాటా అడగకముందే ఇవ్వండి, మళ్ళీసారి మిమ్మల్నే ముందు పిలుస్తారు. రోజూ వేసుకునే మాత్రలు మాత్రం సీజన్‌కి సరిపడా తెచ్చుకోవాలి. హీలీలో ఉన్నది చిన్న క్లినిక్కే, పెద్ద ఆసుపత్రి అంటే ఫెయిర్‌బ్యాంక్స్, రెండు గంటల ప్రయాణం.

బట్టలు, దోమలు, జంతువులు

వేసవి అన్నా సరే స్వెట్టర్, వాన కోటు, ఉన్ని టోపీ తప్పనిసరి. ఇరవై డిగ్రీల ఎండ కాసిన మర్నాడు మంచు పడొచ్చు, జులైలో కూడా. నీళ్ళు పట్టని బూట్లు ఇంట్లోనే తొడిగి నడిచి, పాదానికి అలవాటు చేసుకుని తీసుకెళ్ళండి. కళ్ళకి కట్టుకునే నల్ల పట్టీ లేకపోతే జూన్‌లో నిద్ర పట్టదు. దోమలు జూన్ నుంచి జులై మొదటి వారాల దాకా విపరీతం. తలకి వేసుకునే దోమవల చూసి మొదట అందరూ నవ్వుతారు, తర్వాత ఎక్కడ కొన్నావని అడుగుతారు.

బేర్ స్ప్రే విమానంలో హ్యాండ్ బ్యాగులోనూ, చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు. అలాస్కాలో దిగాకే కొనాలి. అది ఎలుగు మీద కొట్టే ఘాటు మిరపకాయల మందు, దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు. నవ్వకండి, రాసుకున్నవాళ్ళున్నారు. సేఫ్టీ క్లిప్ ఎలా తీయాలో గదిలోనే నేర్చుకోండి, నడిచేటప్పుడు నడుముకి పెట్టుకోండి. బ్యాగు అడుగున ఉంటే లేనట్టే.

పార్క్ నియమం ప్రకారం ఎలుగుకి 300 గజాల దూరం, మూస్ అనే పెద్ద దుప్పికి 25 గజాలు. ఎలుగు ఎదురైతే పరిగెత్తకూడదు. చేతులు ఊపుతూ, మామూలు గొంతుతో మాట్లాడుతూ మెల్లగా వెనక్కి జరగాలి. తెలుగులో మాట్లాడినా పర్వాలేదు. గ్రిజ్లీ (గోధుమరంగు ఎలుగు) మీదికొచ్చి తాకితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు కట్టుకోవాలి. మూస్ దగ్గర లెక్క పూర్తిగా వేరు. గుర్రమంత ఎత్తుండే ఆ దుప్పి మీదికొస్తే పరిగెత్తి చెట్టు చాటుకి పోవాలి. మే చివర, జూన్‌లో దూడలున్న తల్లి మూస్‌లు గదుల మధ్యకే వచ్చేస్తాయి. నాకైతే ఎలుగు కన్నా వీటి భయమే ఎక్కువ. దూడ కనిపిస్తే ఆ దారి మానేయండి, పనికి ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు.

సెలవు రోజున

మొదటి సెలవున హార్స్‌షూ లేక్ నడక, దాని తర్వాత మౌంట్ హీలీ ఓవర్‌లుక్ ఎక్కడం. ట్రిపుల్ లేక్స్ తొమ్మిదిన్నర మైళ్ళు, దానికి రోజంతా పెట్టుకోండి. అసలు డెనాలిలో కట్టిన బాటలు చాలా తక్కువ. బస్సు దిగి నచ్చిన వైపు నడవొచ్చు, మళ్ళీ రోడ్డు మీదికొచ్చి ఖాళీ ఉన్న బస్సు ఎక్కొచ్చు. పార్క్ రోడ్డు మీద కొన్ని మైళ్ళు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో గదిలో రాసి పెట్టి వెళ్ళండి. హిమానీనదాల నుంచి వచ్చే వాగుల్లో పొద్దుటి పూట నీరు తక్కువ, మధ్యాహ్నం మంచు కరిగి పెరుగుతుంది. పొద్దున దాటిన వాగు సాయంత్రం దాటలేకపోవచ్చు. నీళ్ళు మోకాలి పైకొస్తే నేనైతే వెనక్కి తిరుగుతాను. పార్క్‌లో స్లెడ్ కుక్కల శాల ఉంది. చలికాలంలో రేంజర్లు వాటితోనే పార్క్‌లో తిరుగుతారు. వేసవిలో వాటి ప్రదర్శన ఉచితంగా చూడొచ్చు. పక్క వ్యాపారాల వాళ్ళు తోటి ఉద్యోగులకి ఇచ్చే తగ్గింపుల జాబితా మొదటి రోజే అడిగి తీసుకోండి, తెప్ప సవారీలు టూరిస్టు ధరకి కొనడం దండగ.

జులై మూడో వారానికి అందరికీ విసుగొస్తుంది. కొందరు చెప్పకుండా వెళ్ళిపోతారు, వాళ్ళ పని మిగిలినవాళ్ళ మీద పడుతుంది. అప్పుడే మానేద్దామనిపిస్తే రెండు వారాలు ఓపిక పట్టండి. ఆగస్టులో కొండల మీద బ్లూబెర్రీలు, దోమలు తగ్గిన గాలి, నెలాఖరుకి ఎర్రబడిన టండ్రా (చెట్లు లేని చలి నేల), రాత్రి మళ్ళీ చీకటి పడటం మొదలయ్యాక ఆకాశంలో అరోరా అనే రంగు వెలుగులు. సీజన్‌లో అసలైన భాగం అదే, బోనస్ కూడా అప్పుడే.

సీజన్ ముగిసి బయల్దేరేముందు హెచ్ఆర్‌లో జనవరిలో ఉండబోయే చిరునామా ఇచ్చి రండి, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) దానికే వస్తుంది. అలాస్కాకి రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కానీ మీ ఇల్లు న్యూజెర్సీ లాంటి పన్నున్న రాష్ట్రంలో ఉంటే, అలాస్కాలో సంపాదించినది కూడా అక్కడి రిటర్నులో చూపించాలి. పే స్లిప్పులో ఆ పన్ను కోసి ఉండరు కాబట్టి దానికి సరిపడా డబ్బు విడిగా పెట్టుకోండి.