గుర్రపు స్వారీ నేర్చుకోవాలంటే ముందు ఏ స్టైలో తేల్చుకోండి

మన బెజవాడ, గుంటూరు వైపు గుర్రం అనగానే పెళ్ళి ఊరేగింపే గుర్తొస్తుంది, పక్కన ఒకాయన కళ్ళెం పట్టుకుని నడిపిస్తుంటే పైన కూర్చోడం స్వారీ కాదు లెండి. నిజంగా నేర్చుకుందామని క్లాసుకి ఫోన్ చేసేముందు ఏ స్టైల్ నేర్పుతారో అడగండి, ఎందుకంటే స్టైల్ మారితే జీను, రికాబు పొడవు, కూర్చునే తీరు అన్నీ మారిపోతాయి.

నా మాట వింటే డ్రెస్సాజ్‌తో, అంటే గుర్రాన్ని చెప్పినట్టు అడుగులేయించే స్టైల్‌తో మొదలెట్టండి. చూసేవాళ్ళకి బోర్, గుర్రం గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉంటుంది, కానీ పిర్ర బరువుతో, కాళ్ళతో గుర్రానికి ఎలా చెప్పాలో తెలిసేది ఇక్కడే. జీను లోతుగా ఉంటుంది, కాళ్ళు పొడుగ్గా కిందకి వేలాడాలి. పోటీల్లో అయితే 60 మీటర్ల పొడుగు, 20 మీటర్ల వెడల్పు బరి, చుట్టూ అక్షరాల బోర్డులు, ఏ అక్షరం దగ్గర ఏం చెయ్యాలో ముందే రాసుంటుంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా గేమ్స్‌లో మనోళ్ళు టీమ్ గోల్డ్ కొట్టింది దీంట్లోనే, గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తర్వాత వచ్చిన గోల్డ్ అది.

ట్రాట్, అంటే నడకకీ పరుగుకీ మధ్య వేగం, దాని దగ్గరే అందరూ ఎగిరెగిరి పడతారు. అది రెండు దెబ్బల నడక, ఒక దెబ్బకి లేవాలి, రెండో దానికి కూర్చోవాలి, చేతులతో కళ్ళెం పట్టుకుని వేలాడితే మాత్రం గుర్రం నోరు నొప్పి పెడుతుంది. మొదట్లో గుర్రానికి పొడుగు తాడు కట్టి గుండ్రంగా తిప్పమని ట్రైనర్‌కి చెప్పండి, కళ్ళెం వదిలేసి బ్యాలెన్స్ చూసుకోవచ్చు.

అది కుదిరాక షో జంపింగ్. రికాబులు పొట్టి చేసి, నడుం దగ్గర ముందుకి వంగాలి, మొదట దూకడం కాదు, నేల మీద పడేసిన కర్రల మీంచి నడిపించడం. పోటీలో ఒక కర్ర పడితే 4 పెనాల్టీలు, ఒలింపిక్స్‌లో ఎత్తు 1.65 మీటర్ల దాకా వెళ్తుంది. డ్రెస్సాజ్, జంపింగ్ రెండిటికీ పొలాల్లో గుట్టలు, నీళ్ళగుంటల మీంచి దూకే క్రాస్ కంట్రీ కలిపితే ఈవెంటింగ్, మూడూ ఒకే గుర్రంతో.

దూరాలంటే ఇష్టమున్నోళ్ళకి ఎండ్యూరెన్స్, పెద్ద పోటీ 160 కిలోమీటర్లు, మధ్యమధ్యలో వెటర్నరీ డాక్టర్ గుర్రం గుండె వేగం చూసి సరేనంటేనే ముందుకి వెళ్ళనిస్తారు. బల్లెంతో నేల మీద మేకు పొడిచి లేపే టెంట్ పెగ్గింగ్ మన సైన్యం ఆట, చూడ్డానికే ఒళ్ళు జలదరిస్తుంది. పోలోలో జట్టుకి నలుగురు, కర్ర కుడి చేత్తోనే పట్టాలి, ఎడమ చేతివాటం ఉన్నోళ్ళకి కష్టమే. వెస్టర్న్ అంటే ముందు కొమ్ము ఉన్న పెద్ద జీను, ఒంటిచేత్తో కళ్ళెం, మన దగ్గర నేర్పేవాళ్ళు తక్కువే.

ఏ స్టైలైనా హెల్మెట్ తప్పదు, బూటుకి చిన్న హీల్ ఉండాలి, లేకపోతే కాలు రికాబులో దూరిపోతుంది. ఎడమ పక్క నుంచే ఎక్కండి, ఎక్కేముందు పొట్ట కింద బెల్టు ఇంకోసారి బిగించారో లేదో చూడండి.

ఇంకోటి, మన ఎండలు తెలుసుగా. మే నెలలో తెల్లారి 7 లోపే క్లాస్ అయిపోవాలి, దిగాక గుర్రాన్ని కాసేపు నడిపించి నీళ్ళతో కడగాలి. రోహిణి కార్తెలో 10 గంటలకి గుర్రం మీద జీను వేసే చోటు కనబడితే, ఫీజు ఎంత తక్కువైనా అక్కడ చేరకండి.