తుఫాను సమాచారం పేజీకి కొత్త రూపు ఇచ్చే ముందు జాగ్రత్తలు

అక్టోబరు దగ్గర పడుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన విశాఖపట్నంలో ప్రతి ఆఫీసు అంతర్గత సైట్‌లోనూ తుఫాను సమాచారం పేజీ ఉండి తీరాలి. దాన్ని ప్రత్యేకంగా కనిపించేలా మార్చబోయే వారు ఇవి చూసుకోండి.

మీ సీఎస్ఎస్ (పేజీ రంగులు, అక్షరాలు, అమరిక నిర్ణయించే కోడ్) ఆ ఒక్క పేజీకే పరిమితం కావాలి. ఆ పేజీకి వేరే క్లాస్ (కోడ్‌లో గుర్తుపట్టే పేరు) ఇచ్చి, ప్రతి సీఎస్ఎస్ నియమాన్నీ దానితోనే మొదలుపెట్టండి. ఒకసారి నేను ఇది మరిచి శీర్షికలకు ఎరుపు వేస్తే, జీతాల పేజీ, సెలవుల పేజీ కూడా ఎర్రబడ్డాయి. అసలు హెచ్చరిక ఏదో ఎవరికీ తెలియలేదు.

తెలుగు వరుసల మధ్య ఎడం (లైన్-హైట్) అక్షరాల సైజుకు 1.6 రెట్ల దాకా ఉంచండి. ఇంగ్లీషుకు చాలిన 1.2 పెడితే ‘రాష్ట్రం’లోని వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి.

ఫాంటు ఫైలు ఆఫీసు సర్వర్‌లోనే ఉంచండి. గాలివానకు ఇంటర్నెట్ తెగితే బయటి ఫాంటు రాదు.

అక్షరాల రంగుకు, వెనుక రంగుకు కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. బ్యాటరీ కోసం ఫోను వెలుతురు తగ్గించుకుని చదివే పేజీ ఇది.

ఒక ప్రతి ప్రింట్ తీసి చూడండి. కరెంటు పోతే గోడకు అంటించిన కాగితమే దిక్కు.

సీఎస్ఎస్ మార్చిన ప్రతిసారీ ఫైలు పేరులో సంఖ్య మార్చండి. లేకపోతే బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాతదే చూపవచ్చు.