గడ్డకట్టే చలిలో ఆరుబయట హాట్ టబ్ – 3వ పాఠం: నీళ్లు నింపే రోజు

మొదటి పాఠంలో హాట్ టబ్ (వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి) కింద వేసే కాంక్రీటు దిమ్మె, రెండో పాఠంలో కరెంటు లైను చూశాం. ఈపాటికి దిమ్మె గట్టిపడి, టబ్ దాని మీద ఎటూ వాలకుండా కూర్చుని ఉండాలి. విడి బ్రేకరు, లీకేజీ కరెంటును పట్టుకునే రక్షణ బిగించి, పరీక్ష బటన్ నొక్కితే అది తెగుతోందో లేదో చూసి ఉండాలి. వీటిలో ఒక్కటి మిగిలిపోయినా కొళాయి తిప్పకండి. ఎండాకాలంలో అయితే ఈ రోజు నీళ్లు పట్టి, రేపు ఎలక్ట్రీషియను వచ్చినా నష్టం లేదు. మైనస్ 10 డిగ్రీల చలిలో ఆ వెసులుబాటు ఉండదు. మొదటి చుక్క లోపలికి వెళ్లాక నీళ్లు తిరుగుతూనే ఉండాలి, వేడెక్కుతూనే ఉండాలి.

నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. టబ్‌లోని 1,500 లీటర్లు అంత త్వరగా గడ్డకట్టవు. ముందుగా బిగుసుకుపోయేవి పంపు ముందుభాగంలోని కొద్దిపాటి నీళ్లు, హీటరు గొట్టంలోవి, వేలి లావు డ్రెయిన్ పైపులోవి. పగులు అప్పుడే బయటపడదు. మంచు కరిగాక ధారగా కారడం మొదలైనప్పుడే తెలుస్తుంది.

ముందు లెక్క వేసుకోండి. లీటర్లను పెరగాల్సిన డిగ్రీలతో, ఆపైన 1.16తో గుణించి, 1,000తో భాగిస్తే ఎన్ని యూనిట్ల కరెంటు కావాలో వస్తుంది. 1,500 లీటర్లను 5 నుంచి 38 డిగ్రీలకు తేవాలంటే సుమారు 57 యూనిట్లు. 5.5 కిలోవాట్ల హీటరుకు పదిన్నర గంటలు, 2 కిలోవాట్ల హీటరుకు 29 గంటలు పడుతుంది. చలికి పోయే వేడి ఈ లెక్కలో లేదు, కాబట్టి అసలు సమయం ఇంతకంటే ఎక్కువే. నింపే వేగం కూడా కొలవండి: 15 లీటర్ల బకెట్టు ఒక నిమిషంలో నిండితే 1,500 లీటర్లకు 100 నిమిషాలు. నింపడం, గాలి తీయడం, లీకులు చూడడం అన్నీ పగటి వెలుగులోనే అయిపోయేలా ఉదయమే మొదలుపెట్టండి. మైనస్ 20 దాటిన చలి ఉన్నా, ఈదురుగాలి వీస్తున్నా ఆ రోజుకు వాయిదా వేయడమే మంచిదని మా అభిప్రాయం.

ఇక యంత్రాల అర తలుపు తీయండి. పంపు కింది డ్రెయిన్ బిరడా ఉందో లేదో చూడండి. కొన్ని టబ్‌లలో దాన్ని విప్పి, సంచిలో పెట్టి పంపుతారు. పంపుకీ హీటరుకీ రెండువైపులా ఉండే పెద్ద యూనియన్ నట్లు (పైపులను జోడించే ప్లాస్టిక్ నట్లు) రవాణా కుదుపులకు వదులవుతాయి. చేత్తోనే బిగించండి. చలికి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, పెద్ద పానా పెట్టి తిప్పితే నట్టు చిట్లుతుంది. రబ్బరు ఓ-రింగు కూడా బిరుసెక్కి సరిగా అతుక్కోదు. అది గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకోండి. ఫ్యాక్టరీ పరీక్షలో మిగిలిన నీళ్లు ఎక్కడైనా మంచుముక్కగా ఉండిపోయి ఉంటే, ఇప్పుడు పంపు తిప్పడం ప్రమాదం: పంపు లోపలి చక్రం విరుగుతుంది, లేదా మోటారు మూలుగుతూ బిగుసుకుపోతుంది.

అందుకే నింపే ముందు మూడు నాలుగు గంటలు ఆ అరను వెచ్చబరచాలి. థర్మోస్టాట్ ఉన్న చిన్న గది హీటరును పైపులకూ ఫోముకూ తగలకుండా పెట్టి, తలుపు వారగా మూయండి. మనిషి దగ్గరే ఉండాలి. లోపల పెట్టిన థర్మామీటరు కనీసం 5 డిగ్రీలు చూపించి కాసేపు నిలకడగా ఉన్నాక, నీళ్లు వదిలే ముందు హీటరు తీసేయండి. మంట, బ్లో టార్చ్ వంటివి దరిచేరనివ్వకండి.

గొట్టాన్ని ముందు రాత్రి ఇంట్లోనే ఉంచండి. బయట వదిలేస్తే మధ్యలో మంచు బిరడా పడుతుంది. వంటగది కొళాయికి అడాప్టరు వేసి గోరువెచ్చని నీళ్లు పట్టగలిగితే పని సగం తగ్గినట్టే. 40 డిగ్రీలకు మించనివ్వకండి. గొట్టం కొసను టబ్ మధ్యలో పడేయకూడదు. ఫిల్టరు తీసి, ఆ గూడు అడుగున ఉన్న పైపులోకి దూర్చండి. అప్పుడు నీళ్లు కింది పైపుల నుంచి పైకి ఎక్కుతూ గాలిని తోసుకుంటూ వస్తాయి. పైనుంచి పోస్తే గాలి పంపులోనే చిక్కుకుపోతుంది. ప్రతి పది నిమిషాలకూ యూనియన్ల కింద పొడి గుడ్డతో తుడిచి చూడండి. ఫిల్టరు గూడు నోటికి పైన, తయారీదారు గీసిన గీత వరకు నింపి, ఫిల్టరు తిరిగి పెట్టాకే బ్రేకరు వేయండి. నీళ్లు లేకుండా హీటరు వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది.

పంపు శబ్దం వస్తున్నా జెట్ల (టబ్ లోపలికి నీళ్లు చిమ్మే రంధ్రాల) నుంచి నీళ్లు రాకపోతే మోటారుకు ఎయిర్ పట్టినట్టే. ప్యానెల్ మీద ప్రవాహం లేదన్న హెచ్చరిక కూడా రావచ్చు. బ్రేకరు ఆపేసి, పంపు పైవైపు యూనియన్ నట్టును పావు చుట్టు వదులు చేయండి. బుస్సుమని గాలి పోయి నీళ్లు చెమ్మగిల్లగానే బిగించి, మళ్లీ బ్రేకరు వేయండి. ఒక్కోసారి రెండు మూడు సార్లు చేయాల్సి వస్తుంది. మామూలు రోజుల్లో దీనికి తొందరేమీ లేదు. ఇప్పుడు మాత్రం ఎక్కువసేపు నాన్చకూడదు.

నీళ్లు తిరగడం మొదలవగానే మూత వేసి క్లిప్పులు పెట్టేయండి. వేడి చాలావరకు పోయేది నీటి ఉపరితలం నుంచే. మూత తెరిచి ఉంచితే చిన్న హీటరు రాత్రంతా నడిచినా అంకె కదలదు. చాలామంది మరిచేది ఇంకొకటి ఉంది: టబ్ అంచున ఉండే గాలి నాబులు అన్నీ మూసేయాలి. అవి తెరిచి ఉంటే జెట్లు బయటి మైనస్ చలిగాలిని లాక్కుని నేరుగా నీళ్లలో కలుపుతాయి. హీటరు ఇచ్చిన వేడి అలా పోతుంది.

10, 20, 30 డిగ్రీల దగ్గర అర తలుపు తీసి యూనియన్లను మళ్లీ చూడండి. వెచ్చబడ్డాక ప్లాస్టిక్ సాగుతుంది, ఉదయం బిగుతుగా ఉన్న నట్టు సాయంత్రానికి చెమ్మగిల్లవచ్చు. డిస్‌ప్లే చూపేది చాలా టబ్‌లలో హీటరు దగ్గరి ఉష్ణోగ్రత. టబ్ నీళ్లను తేలే థర్మామీటరుతో విడిగా కొలవండి.

నీళ్లను శుభ్రంగా ఉంచే మందుల తొందర వద్దు. చల్లని నీళ్లలో పొడులు సరిగా కరగవు. 25 డిగ్రీలు దాటాక పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్యకు తెచ్చి, ఆపైన క్లోరిన్ వేయండి. ఒక్కో మందును విడి బకెట్టులో, నీళ్లలో పొడి వేసి కరిగించండి. రెండు మందులను ఎప్పుడూ ఒకే బకెట్టులో కలపకండి.

పంపు ఎంతకీ ఎత్తుకోకపోతే గంట, మహా అయితే రెండు గంటల్లో నిర్ణయం తీసుకోవాలి. బాగు కాదనిపిస్తే బ్రేకరు ఆపి నీళ్లు వదిలేయండి. అడుగు వాల్వు తెరిస్తే సరిపోదు, పల్లపు పైపుల్లో నీళ్లు నిలిచిపోతాయి. పంపు, హీటరు యూనియన్లు విప్పి, డ్రెయిన్ బిరడాలు తీసి, నీళ్లు పీల్చే వ్యాక్యూమ్‌తో ఒక్కో జెట్‌నూ పీల్చండి. తుంపరలు రావడం ఆగి గాలి మాత్రమే వచ్చేదాకా పీల్చాలి.

అభ్యాసం: 1,200 లీటర్ల టబ్, నీళ్లు 4 డిగ్రీలు, కావలసింది 38, హీటరు 3 కిలోవాట్లు. ఎన్ని గంటలు? జవాబు: నష్టం కలపకుండా దాదాపు 16. ఇప్పుడు మీ టబ్‌కు ఇదే లెక్క కట్టండి. నింపిన రోజు గంటగంటకూ నీటి ఉష్ణోగ్రత రాసి, రెంటినీ పక్కపక్కన పెట్టుకోండి. ఆ తేడాయే మీ మూత, గోడల నుంచి పోతున్న వేడి. కరెంటు పోతే ఎన్ని గంటలు ఆగగలమో తేల్చే 4వ పాఠానికి ఆ కాగితం కావాలి.