ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ) మందులు వాడుతున్నారా? టీబీని ఇలా ముందే పట్టుకోండి

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి వీటిలో ఒక్కటి కనిపించినా, అది రెండు రోజులదే అయినా, ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పేయండి. "రెండు వారాలు చూద్దాం" అనేది మనకి పనికిరాదు. తెమడ పరీక్షకి సీబీనాట్ (టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) అడగండి, మామూలు మైక్రోస్కోప్‌లో మనవాళ్ల టీబీ చాలాసార్లు దొరకదు, ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం.

టీబీ అని తేలితే ఏఆర్‌టీ మానకండి, కానీ డోలుటెగ్రావిర్ (ఏఆర్‌టీలో ఒక మందు) వాడుతున్నట్టు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే టీబీ మందు రిఫాంపిసిన్ దాని బలాన్ని తగ్గిస్తుంది, అందుకే డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఇస్తారు. సొంతంగా మాత్రం డోసు మార్చొద్దు.

టీబీ లేదని తేలిందా? అయితే నివారణ మందు అడగండి. ఐసోనియాజిడ్ ఇస్తే 6 నెలలు, చేతులు కాళ్లు తిమ్మిర్లెక్కకుండా బీ6 మాత్రతో కలిపి. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.